'రయట్' ఆల్బమ్‌లో ఆరో పాట నిడివి 0:00 అని ఉంది. పాడైంది నా ఎల్పీయా, నా చెవులా?

చెవిలో_జోరీగ
అమెరికా ఫంక్ బ్యాండ్ స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ వాళ్ళ 'దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్' (1971) ఎల్పీ కొన్నాను. పాతది కాదు, కొత్తగా ముద్రించిందే. డబ్బులు బాగానే వదిలాయి. రెండు ఫిర్యాదులు.

ఒకటి, మొదటి వైపు చివర టైటిల్ పాట ఉన్నట్టు రాసి, పక్కన 0:00 అని వేశారు. సూది పెట్టి చూశా. ఏమీ లేదు, రికార్డు తిరుగుతూ ఉంది అంతే.

రెండు, మిగతా పాటలన్నీ మైకుల మీద తడిగుడ్డ కప్పి పాడినట్టున్నాయి. వీళ్ళదే 'స్టాండ్!' (1969) విని మతిపోయి ఇది కొన్నాను. అందులో ట్రంపెట్ మోగితే పక్కింటివాళ్ళు లేచేవాళ్ళు. ఇందులో పాడేవాడే నిద్రలో ఉన్నాడు. ఎక్కడ చూసినా మాస్టర్‌పీస్ అంటున్నారు. నాకు ఏమి వినిపించడం లేదో ఎవరైనా చెప్పండి.

ప్యాడ్_ప్రసాద్
0:00 పాట నాకు నోటికొచ్చు. ఏ శ్రుతిలో కావాలన్నా పాడతా.

కారప్పూస
నేను దాన్నే రింగ్‌టోన్ పెట్టుకున్నా. మా మేనేజర్ ఫోన్ చేసినప్పుడు మాత్రమే మోగుతుంది.

నల్లరేకు
మీ ఎల్పీకి ఏ రోగమూ లేదు జోరీగ గారూ. 1971లో ఎపిక్ కంపెనీ వాళ్ళు తెచ్చినప్పుడే లేబుల్ మీద 0:00 అని వేశారు. పేరుంది, పాట లేదు. దీని మీద జనం చాలా కథలు అల్లారు. 1970 జూలైలో చికాగో గ్రాంట్ పార్క్‌లో వీళ్ళది ఉచిత కచేరీ. బ్యాండ్ స్టేజీ ఎక్కకముందే పెద్ద గొడవైంది, పోలీసులు దిగారు, నింద మాత్రం బ్యాండ్ మీద పడింది. ఆ గొడవను గుర్తుచేయడానికే ఈ ఖాళీ అని ఒక కథ. 1997లో బ్యాండ్ నాయకుడు స్లై స్టోన్ తనే తేల్చేశాడు. రయట్ అంటే అల్లర్లు కదా, అసలు అల్లర్లే ఉండకూడదని తన ఉద్దేశమట, అందుకే దానికి నిడివి లేదట.

తడిగుడ్డ సంగతి రాత్రికి రాస్తా, ఇప్పుడు ఆఫీసులో ఉన్నా.

తాళం_తప్పినోడు
'ఉద్దేశం' అని ఇరవై ఆరేళ్ళ తర్వాత చెప్పడం భలే సులువు.

సమం_మీద_సుబ్బు
జోరీగ గారూ, మీరు 'స్టాండ్!' నుంచి నేరుగా ఇక్కడికి దూకారు కాబట్టే తల తిరిగింది. మధ్యలో రెండున్నరేళ్ళున్నాయి. 1969 మేలో 'స్టాండ్!', ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం. అక్కడ తెల్లవారుజామున స్టేజీ ఎక్కి, నిద్రపోతున్న జనాన్ని లేపి అరిపించారు. 1970 మొదట్లో 'థ్యాంక్ యూ' పాట నంబర్ వన్. ఆ తర్వాత కొత్త ఆల్బమ్ కోసం కంపెనీ కళ్ళు కాయలు కాసేలా చూసింది. సరుకు రాకపోయేసరికి 1970 చివర్లో పాత పాటలే పోగేసి 'గ్రేటెస్ట్ హిట్స్' తెచ్చి పబ్బం గడుపుకుంది. ఆ సమయంలో స్లై చేస్తున్నదల్లా కచేరీలు ఎగ్గొట్టడం. 1970లో 80 షోలకు 26 ఎగ్గొట్టాడని లెక్క.

కారప్పూస
80కి 26 అంటే మా డిగ్రీ కాలేజీలో నా ఎగవేతల కన్నా తక్కువే. అటెండెన్స్ లెక్కన ఆయన పాసైనట్టే.

తాళం_తప్పినోడు
నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఇది దేవతావస్త్రాల కేసు. మనిషి మత్తులో పడ్డాడు, టేపులు పాడుచేసుకున్నాడు, బ్యాండ్ విడిపోతోంది. అలా తయారైన దాన్ని కంపెనీ అమ్ముకుంది. అప్పుడు ఎవరూ కొనలేదు. తర్వాత విమర్శకులు వచ్చి 'ఒక తరం కలలు చెదిరిన చప్పుడు' అంటూ బొట్టు పెట్టారు. ఇదే పని మన ఊరి రికార్డింగ్ స్టూడియోలో ఇంజనీర్ చేస్తే సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది.

నల్లరేకు
'ఎవరూ కొనలేదు' అన్నది పచ్చి అబద్ధం తాళం గారూ. 1971 డిసెంబర్‌లో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో ఇది నంబర్ వన్, నల్లవాళ్ళ సోల్ పాటల చార్టులోనూ నంబర్ వన్. 'ఫ్యామిలీ అఫైర్' సింగిల్ మూడు వారాలు కూర్చుంది పైన. దానికి ముందు అక్కడ ఉన్నది ఐజాక్ హేయ్స్ 'షాఫ్ట్' పాట. అంత దర్జాగా, వయొలిన్లతో మెరిసిపోయే పాటను దించి ఈ గొణుగుడు పాట ఎక్కిందంటే ఆలోచించండి.

తాళం_తప్పినోడు
సరే, అమ్ముడుపోయింది. ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది తీసుకోను. పేరున్న బ్యాండ్ రెండేళ్ళు ఊరించి తెస్తే ఏదైనా అమ్ముడుపోతుంది. మొదటి వారం కలెక్షన్లు చూసి సినిమా బాగుందంటామా?

బే_ఏరియా_భారతి
కాలిఫోర్నియా ఫ్రీమాంట్ నుంచి. స్లై కుటుంబం స్థిరపడిన వల్లేహో మా ఇంటికి గంట దూరం. ఆయన పుట్టింది టెక్సస్‌లోని డెంటన్‌లో, 1943లో. పెరిగింది ఇక్కడే, చర్చిలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలిసి పాడుతూ. బ్యాండ్ పెట్టకముందు ఇక్కడి కేఎస్‌ఓఎల్ రేడియోలో డీజే. నల్లవాళ్ళ సోల్ స్టేషన్‌లో మధ్యమధ్య బీటిల్స్, బాబ్ డిలన్ వేసేవాడట. ఆ కలగూరగంపే తర్వాత బ్యాండ్ అయింది. తమ్ముడు ఫ్రెడ్డీ గిటారు, చెల్లెలు రోజ్ కీబోర్డు, సింథియా రాబిన్‌సన్ ట్రంపెట్, లారీ గ్రాహం బేసు. డ్రమ్స్ గ్రెగ్ ఎరికో, శాక్సోఫోన్ జెర్రీ మార్టీని, వీళ్ళిద్దరూ తెల్లవాళ్ళు. 1967లో ఆడవాళ్ళు వాద్యాలు వాయించే, నల్లా తెల్లా కలిసిన బ్యాండ్ అమెరికాలో ఎక్కడుంది చెప్పండి.

మా అబ్బాయి స్కూల్ జాజ్ బ్యాండ్‌లో బేసు వాయిస్తాడు. వాడి వల్లే నాకివన్నీ తెలిశాయి. 2025 జూన్ 9న స్లై పోయినరోజు కారులో రేడియో పెడితే వరసగా ఆయన పాటలే. 'ఫ్యామిలీ అఫైర్' వచ్చినప్పుడు మావాడు సౌండ్ పెంచలేదు, తగ్గించాడు. ఏమిట్రా అంటే, 'ఇది చిన్నగా వినాలమ్మా' అన్నాడు.

చెవిలో_జోరీగ
చిన్నగా వినాలా! నేను గోడలదిరేలా పెట్టి విన్నా. మా అమ్మ వచ్చి, మిక్సీ పాడైందా అని అడిగి వెళ్ళింది.

ప్యాడ్_ప్రసాద్
జోరీగ తమ్ముడూ, మీ అమ్మగారి చెవులకు దండం. ఆవిడ విన్నది మిక్సీ కాదు, రిథమ్ బాక్స్. మాస్ట్రో రిథమ్ కింగ్ అనే పెట్టె. బటన్ నొక్కితే బోసా నోవా, ఇంకో బటన్ నొక్కితే రాక్, ఇలా రెడీమేడ్ తాళాలు వస్తాయి. ఇంట్లో ఆర్గన్ వాయించుకునేవాళ్ళకీ, హోటల్లో ఒక్కడే కూర్చుని పాడేవాడికీ తోడుగా ఉండే సరుకు. టక్ టక్ టిక్ మంటుంది, మనిషి కొట్టినట్టే ఉండదు. సంగీతకారులు దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు. స్లై దాన్ని ఫంక్ బాక్స్ అని ముద్దుగా పిలుచుకుని, ఆ పెట్టె మీద పాటలు కట్టాడు. 'ఫ్యామిలీ అఫైర్'ను అమెరికాలో నంబర్ వన్ అయిన మొదటి డ్రమ్ మెషీన్ పాటగా చెప్పుకుంటారు.

ఇక్కడ నా ఏడుపు ఒకటుంది. నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో పదకొండేళ్ళు డ్రమ్స్ కొట్టా. ఒకరోజు మా ఓనరు ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ కొనుక్కొచ్చి, 'ప్రసాదూ, డ్రమ్స్ సెట్టుకి వ్యాన్‌లో చోటు చాలట్లేదు' అన్నాడు. తెలిసిందిగా. నేను కర్రలు పక్కన పడేసి ప్యాడ్ నేర్చుకున్నా కాబట్టి ఇంకా అన్నం తింటున్నా. ఆ బ్యాండ్‌లోంచి మొదట బయటికి వెళ్ళిన మనిషి కూడా డ్రమ్మరే, గ్రెగ్ ఎరికో. అది చదివినప్పుడు నాకు ఎక్కడో కలుక్కుమంది.

కారప్పూస
ప్రసాదన్నా, నీ పేరులో ప్యాడ్ ఎందుకుందో ఇన్నాళ్ళకి తెలిసింది. నేను రైటింగ్ ప్యాడ్ అనుకున్నా.

సమం_మీద_సుబ్బు
ప్రసాద్ గారి మాటకు కొనసాగింపు. నేను మృదంగం వాడిని కాబట్టి నా భాషలో చెప్తా. ఫంక్ అంటే సమం. జేమ్స్ బ్రౌన్ నేర్పిన పాఠం అదే, మొదటి దెబ్బ మీద అందరూ కలిసి దిగాలి, మిగతా చోట్ల ఎవరి దారి వాళ్ళది. 'స్టాండ్!'లో ఆ సమం గుద్దినట్టు తగులుతుంది. 'రయట్'లో సమం ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. పెట్టె ఒక చోట టిక్ మంటుంది, బేసు కొంచెం వెనగ్గా వస్తుంది, గిటారు అసలు సంబంధం లేనట్టు గోకుతుంది. అయినా తల ఊగుతుంది. యంత్రం ఒక్కటే సరిగ్గా నడుస్తుంటే చుట్టూ మనుషులు తూలుతున్నారన్నమాట. నేను మొదటిసారి విన్నప్పుడు చేత్తో తాళం వేస్తూ మూడుచోట్ల తప్పాను. అది నా తప్పో, వాళ్ళదో ఇప్పటికీ తెలియదు.

తాళం_తప్పినోడు
నా పేరును ఇలా వాడుకోవడం అన్యాయం.

నల్లరేకు
ఇప్పుడు తడిగుడ్డ సంగతి. ఈ ఆల్బమ్ చాలావరకు లాస్ ఏంజిలిస్‌లో, స్లై అద్దెకున్న బెల్ ఎయిర్ బంగ్లాలోని హోమ్ స్టూడియోలో తయారైంది. కొంత పని స్టూడియోల్లోనూ జరిగింది. బ్యాండ్ అంతా ఒక గదిలో కూర్చుని వాయించడం దాదాపు లేదు. ఒక్కొక్కరు వచ్చి తమ ముక్క ఎక్కించి వెళ్ళేవారు. చాలాచోట్ల బేసు, కీబోర్డు, గిటారు కూడా స్లైనే. బాబీ వొమాక్, బిల్లీ ప్రెస్టన్ లాంటి బయటివాళ్ళు వచ్చారు. 'ఫ్యామిలీ అఫైర్'లో ఎలక్ట్రిక్ పియానో ప్రెస్టన్‌దే. ఇంటికి వచ్చినవాళ్ళచేత పాడించడం, చెరిపేయడం, మళ్ళీ అదే టేపు మీద ఎక్కించడం.

టేపు అనేది ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన ఐరన్ ఆక్సైడ్ పొడి. హెడ్డు మీదుగా పోయిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. మొదట పోయేది పై మెరుపు, తాళాల గలగల, 'స' అక్షరంలోని పదును. ఒక పొర మీద ఇంకో పొర ఎక్కించిన కొద్దీ బుస్సుమనే హిస్ పేరుకుంటుంది. మీరు తడిగుడ్డ అంటున్నది అదే. పాత టేపును శుభ్రం చేసి ఏ రీమాస్టర్ తెచ్చినా అరిగిపోయినది తిరిగి రాదు.

పాత_క్యాసెట్
నల్లరేకు బాబు రాసింది చదివి నవ్వుకున్నాను. 1980ల్లో మా ఊళ్ళో క్యాసెట్ షాపుంది. చీటీ మీద పాటలు రాసిస్తే రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. ఖాళీ క్యాసెట్‌కి డబ్బుల్లేక ఒకే తొంభై నిమిషాల క్యాసెట్‌ని ఆరేడుసార్లు చెరిపించి ఎక్కించుకున్నాను. చివరికి ఒక పాట వెనకాల ఇంకో పాట దెయ్యంలా వినపడేది. ఒకసారి శోకగీతం కింద నుంచి జావళి వచ్చింది. పాడైందని పారెయ్యబోతే మా ఆవిడ వద్దంది. ఇప్పటికీ ఉంది బీరువాలో.

ఈ ఆల్బమ్‌లో అలాంటి దెయ్యాలు చాలా ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఎక్కడో వెనకాల ఒక గొంతు మొదలై తెగిపోతుంది. నాకు అదే ఇష్టం. ఇది మంచి రికార్డింగ్ అని మాత్రం అనను.

తాళం_తప్పినోడు
చూశారా, పాత క్యాసెట్ గారే ఒప్పుకున్నారు. మీ బీరువాలోది మీకు జ్ఞాపకం కాబట్టి ఇష్టం. దాన్ని అచ్చువేసి ఊరంతా అమ్మి, కళాఖండం అంటారా?

పాత_క్యాసెట్
అమ్మితే మా ఆవిడ ఊరుకోదు బాబూ.

బే_ఏరియా_భారతి
తాళం గారూ, విమర్శకులు తర్వాత బొట్టు పెట్టారన్నారు. పూర్తిగా అలా కాదు, మీది పూర్తిగా తప్పూ కాదు. అప్పటి రోలింగ్ స్టోన్ పత్రికలో విన్స్ అలెట్టి రాసిన సమీక్ష దొరికితే చదవండి. మొదట విన్నప్పుడు ఇందులోని నీరసం, శక్తి లేకపోవడం చూసి అసహ్యం వేసిందన్నాడు. ఆ గుణాలు ఇంకా నచ్చలేదనే అన్నాడు. కానీ ఇందులోని నిజాయితీని గౌరవించాల్సి వచ్చిందన్నాడు. అంటే జోరీగ గారి ఫిర్యాదే, యాభై ఏళ్ళ ముందు. ఇంకో విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గౌ అయితే పూర్తి మార్కులు వేశాడు. 1975లో గ్రీల్ మార్కస్ తన 'మిస్టరీ ట్రెయిన్' పుస్తకంలో పెద్ద అధ్యాయమే రాశాడు. రోలింగ్ స్టోన్ 2003లో వేసిన 500 ఆల్బమ్‌ల జాబితాలో ఇది 99, 2020లో 82.

చెవిలో_జోరీగ
అయితే నాకు అసహ్యం దశ నడుస్తోంది. గౌరవం దశ ఎప్పుడొస్తుంది?

కారప్పూస
2020 జాబితా లెక్కన ఏడాదికి ఒక మెట్టు ఎక్కుతోంది. మీరు నంబర్ వన్ చూడాలంటే 2101 దాకా బతకాలి.

సమం_మీద_సుబ్బు
ఒక విషయం ఎవరూ అనలేదు. పేరు చూడండి. ముందు ఈ ఆల్బమ్‌కి 'ఆఫ్రికా టాక్స్ టు యూ' అని పెడదామనుకున్నారట. 1971 మేలో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చింది, ఏం జరుగుతోంది అని అడుగుతూ. అల్లర్లు జరుగుతున్నాయి అని స్లై జవాబిచ్చాడంటారు. మార్విన్ ఆల్బమ్ వినండి, ఎంత శుభ్రంగా, ఎంత తీయగా ఉంటుందో. బాధ కూడా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వస్తుంది. ఇది నలిగిన లుంగీ.

'స్టాండ్!'లో లేచి నిలబడు అన్న మనిషి, ఇందులో మొదటి పాటలోనే నాకు కదలాలని లేదు అంటాడు. ఆ పాట పేరు 'లవ్ ఎన్ హెయిట్', అంటే ప్రేమా ద్వేషమూ అని వినపడుతుంది, రాసింది మాత్రం శాన్ ఫ్రాన్సిస్కోలో హిప్పీలుండే హెయిట్ వీధి పేరుతో. చివరి పాట ఇంకా దారుణం. తమ నంబర్ వన్ హిట్ 'థ్యాంక్ యూ'ని తీసుకుని, నడుం విరిచి, ఏడు నిమిషాలు ఈడ్చారు.

తాళం_తప్పినోడు
నలిగిన లుంగీ... ఇది ఒప్పుకుంటా. కానీ సుబ్బు గారూ, నలిగింది కాబట్టి గొప్ప అనకండి. నా బాధంతా అక్కడే. ఇందులో 'ఆఫ్రికా టాక్స్ టు యూ' ఎనిమిది నిమిషాల నలభై ఐదు సెకన్లు. నాలుగో నిమిషానికి వాళ్ళకే విసుగొచ్చింది, వినపడుతూనే ఉంది. 'స్పేస్డ్ కౌబాయ్'లో గొంతు పైకీ కిందికీ విరుస్తూ ఆ యోడెలింగ్ ఏమిటి? మా ఊళ్ళో గేదెల్ని తోలుకొచ్చేవాడు అంతకన్నా శ్రుతిలో కేకేస్తాడు.

ప్యాడ్_ప్రసాద్
ఆ యోడెలింగ్ దగ్గర నేను పడీపడీ నవ్వా. నవ్వించాలనే పెట్టాడు తాళం బ్రదర్. అన్ని పాటల్లోనూ చావు కబురే వెతికితే ఎలా?

బే_ఏరియా_భారతి
'రన్నిన్ అవే' కూడా అంతే. ట్రంపెట్ చక్కగా, రోజ్ గొంతు పాలమీగడలా. మాటలు వింటే మాత్రం పారిపోతున్నవాడిని చూసి హహ్హహ్హ, హిహ్హిహ్హి అని ఎగతాళి. మా ఇంట్లో అందరికీ నచ్చిన పాట ఇదొక్కటే.

'ఫ్యామిలీ అఫైర్' గురించి ఒక మాట. ఇంట్లో ఇద్దరు బిడ్డలు, ఒకడికి చదువంటే ఇష్టం, ఇంకొకడిని చూస్తే తగలబెట్టాలనిపిస్తుంది, తల్లికి ఇద్దరూ ఒకటే. అలా పాడుతున్నవాడి బ్యాండ్‌లో ఉన్నది సొంత తమ్ముడూ చెల్లెలూ. అటు నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్లు తెల్లవాళ్ళను తీసెయ్యమని ఒత్తిడి, ఇటు కంపెనీ సరుకు తెమ్మని ఒత్తిడి. ఆ గొంతు అంత కిందికి ఎందుకు దిగిందో నాకు అర్థమైనట్టే ఉంటుంది. మాకూ ఊళ్ళో ఉమ్మడి ఆస్తి తగాదా ఒకటి నడుస్తోంది లెండి, ఆ ప్రభావం కూడా ఉండొచ్చు.

పాత_క్యాసెట్
తగాదా గెలిచినా ఓడినా అన్నదమ్ములతో మాటలు మానకమ్మా.

బే_ఏరియా_భారతి
మాట్లాడుతూనే ఉన్నాం బాబాయ్ గారూ. లాయర్ల ద్వారా.

గోదారి_గొంతు
ఇప్పుడే చూశా ఈ చర్చ. బేసు గురించి ఎవరూ రాయలేదేం? లారీ గ్రాహం చిన్నప్పుడు వాళ్ళమ్మతో కలిసి కచేరీలు చేసేవాడు. డ్రమ్మర్ లేడు. అందుకని బొటనవేలితో తీగ మీద కొట్టి కిక్ డ్రమ్ములా, ఇంకో వేలితో లాగి వదిలి స్నేర్‌లా వాయించడం అలవాటు చేసుకున్నాడు. ప్రపంచమంతా స్లాప్ బేస్ అంటున్నది అదే. డ్రమ్మర్ లేకపోతే వేలితో డ్రమ్ములు పుట్టించినవాడు ఒకడు, డ్రమ్మర్ బదులు పెట్టె తెచ్చుకున్నవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒకే బ్యాండ్. 1972కల్లా గ్రాహం కూడా వెళ్ళిపోయాడు, తర్వాత సొంత బ్యాండ్ పెట్టుకున్నాడు.

ప్యాడ్_ప్రసాద్
గోదారి గారూ, ఈ ముక్క నేను రాయాల్సింది. కుళ్ళుతో లైక్ కొడుతున్నా.

నల్లరేకు
తాళం గారికి ఒక్కటే చెప్పి ఆపుతా. ఇది కావాలని చేశాడా, చేతకాక అయిందా అని మీరు తేల్చమంటున్నారు. నాకు తేలదు. టేపు అరగాలని ఎవడూ అనుకోడు. కానీ అరిగిందని తెలిశాక బయటికి పంపాలా వద్దా అని ఒకరు నిర్ణయించుకోవాలి. స్లై పంపాడు. పైగా కవర్ మీద ఎర్రా తెల్లా నల్లా రంగుల్లో అమెరికా జెండా, చుక్కల బదులు సూర్యులు. ఆల్బమ్ పేరు కూడా లేదు ముందువైపు. అమ్ముకోవాలనుకున్నవాడు చేసే పనేనా అది? మరుసటి ఏడాది జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'ఆన్ ది కార్నర్' తెస్తే జాజ్ విమర్శకులు ఉతికి ఆరేశారు. అందులో స్లై ప్రభావం ఉందని అందరూ ఒప్పుకున్నదే. 1973లో జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ 'హెడ్ హంటర్స్' ఆల్బమ్‌లో ఒక పాటకు ఏకంగా 'స్లై' అనే పేరు పెట్టాడు. వాయించేవాళ్ళకు వెంటనే ఎక్కింది, రాసేవాళ్ళకు కొంచెం టైమ్ పట్టింది.

తాళం_తప్పినోడు
కవర్ మీద పేరు లేదు సరే. 'ఫ్యామిలీ అఫైర్ ఉంది ఇందులో' అని కంపెనీ స్టిక్కర్ అంటించిందిగా!

నల్లరేకు
అంటించింది. పాయింట్ మీదే.

కారప్పూస
ఈ వేదిక చరిత్రలో మొదటిసారి ఒకరు 'పాయింట్ మీదే' అన్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

చెవిలో_జోరీగ
రెండ్రోజులు గ్యాప్ ఇచ్చి రిపోర్ట్. భారతి గారి అబ్బాయి చెప్పినట్టు నిన్న రాత్రి బస్సులో, ఇయర్‌ఫోన్స్‌తో, సౌండ్ తగ్గించి విన్నా. విజయవాడ దాటాక లైట్లు ఆర్పేశారు. బస్సు ఏసీ బుస్సు, టేపు బుస్సు కలిసిపోయాయి, ఏది ఏదో తెలియలేదు. 'జస్ట్ లైక్ ఎ బేబీ' దగ్గర నిజంగానే ఎవరో వెనక సీట్లో గొణుగుతున్నారనుకుని తిరిగి చూశా. వెనక సీట్లో ఆయన గురక పెడుతున్నాడు.

ఇప్పుడు నా లెక్క ఇది. 'ఫ్యామిలీ అఫైర్', 'రన్నిన్ అవే', 'టైమ్' నావి. చివరి పాట సుబ్బు గారన్నట్టు నడుం విరిచిందే, కానీ బేసు వదల్లేదు, దిగి ఆటో ఎక్కాక కూడా కాలు ఆడుతూనే ఉంది. 'ఆఫ్రికా టాక్స్ టు యూ' మాత్రం తాళం గారి పక్షం. సగంలో కునుకు పట్టింది, లేచేసరికి ఇంకా అదే పాట నడుస్తోంది.

తాళం_తప్పినోడు
ఒక్క ఓటైనా వచ్చింది. చాలు.

సమం_మీద_సుబ్బు
జోరీగ గారూ, ఇక 'ఫ్రెష్' (1973) వినండి. టేపు ఇంత అరగలేదు. మనుషులు డ్రమ్స్ కొట్టారు.

ప్యాడ్_ప్రసాద్
అవునా! అయితే నేనూ వింటా.

పాత_క్యాసెట్
బాబూ, ఆ బస్సు ఏ ట్రావెల్స్‌దో చెప్పకు గానీ, ఏసీ అంత బుస్సు కొట్టకుండా ఉండే బస్సు ఏదైనా ఉంటే చెప్పు. వచ్చే వారం మేమిద్దరం హైదరాబాద్ వెళ్ళాలి.